ఎముకల నొప్పికీ, ఎండకీ, చేప నూనెకీ ఉన్న పాత చుట్టరికం

డ్యూటీ బస్సులో నిద్రపోయి ఈ వారం ఎపిసోడ్ సగంలో వదిలేసినవాళ్ల కోసం, పేర్లూ సంవత్సరాలూ మళ్లీ చూసుకోవాలనుకునేవాళ్ల కోసం ఆ కథనే ఇక్కడ రాసి పెడుతున్నాం.

మోకాళ్లు, నడుము, తొడలు. క్యాంపులో ఏ రూమ్‌కి పోయినా ఈ మూడు మాటలే. బరువులు మోసే పని కదా, నొప్పులు మామూలే అనుకుని ఓ గోలీ వేసుకుని పడుకుంటాం. చాలాసార్లు అది నిజం కూడా. కానీ కొన్ని నొప్పులకి మూలం కంచంలో లేని వస్తువు. ఆ సంగతి తేలడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది.

1770ల్లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ఆసుపత్రికి పేదవాళ్లు తీరని కీళ్ల నొప్పులతో వచ్చేవారు. వారాల తరబడి ఉండి, తగ్గకుండానే ఇంటికి పోయేవారు. ఒకామెకి కాడ్ చేప కాలేయం నూనె వాడాక గుణం కనిపించింది. దాంతో అందరికీ అదే ఇవ్వడం మొదలైంది. ఆ ఆసుపత్రిలో మందులు చూసుకున్న రాబర్ట్ డార్బీ 1782లో రాసిన ఉత్తరం ప్రకారం ఏడాదికి 50, 60 గ్యాలన్ల నూనె ఖర్చయ్యేది. కంపు కొట్టినా తాగేవారు. ఎందుకు పనిచేస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు.

1919లో రెండు ఊళ్లలో రెండు జవాబులు దొరికాయి. లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లల్ని ఇంట్లోనే ఉంచి, సరైన తిండి లేకుండా పెంచితే వాటి ఎముకలు మెత్తబడ్డాయి. కాడ్ చేప నూనె పోస్తే ఆ జబ్బు రాలేదు. బెర్లిన్‌లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ అదే జబ్బున్న పిల్లల్ని అతినీలలోహిత దీపం కింద ఉంచి బాగుచేశాడు. ఒకరు తిండి అన్నారు, ఇంకొకరు వెలుతురు అన్నారు. ఇద్దరిదీ నిజమే. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ ఆ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు.

ఇది తక్కువైతే మనం తిన్న కాల్షియం ఒంటికి సరిగ్గా పట్టదు. పెద్దవాళ్లలో ఎముక మెత్తబడుతుంది. నడుము, తుంటి, కాలి ఎముకలు సలుపుతాయి. తొడ కండలు బలం తగ్గి, కింద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేరు, మెట్లెక్కలేరు. చూసేవాళ్లు వాతం అనుకుంటారు.

1920ల్లో కాశ్మీర్‌లో పనిచేసిన డాక్టర్ కాథ్లీన్ వాన్ ఒక తేడా గమనించారు. పరదాలో, గదుల్లోనే ఉండే ఆడవాళ్లకి ఈ ఎముకల జబ్బు ఎక్కువ. పడవల మీద ఎండలో బతికే పేద ఆడవాళ్లకి అంతగా లేదు. ఇంటి పనికి వచ్చి నెలల తరబడి గడప దాటలేని మన అక్కచెల్లెళ్ల గురించి ఇది చదువుతుంటే ఆలోచన రాక మానదు.

తర్వాత వలస వచ్చినవాళ్ల వంతు. 1962లో గ్లాస్గోలో డాక్టర్ డనిగన్, ఆయన సహచరులు అక్కడి పాకిస్తానీ కుటుంబాల్లో ఈ జబ్బు ఉందని రాశారు. ఎండ తక్కువ, రోజూ ముడిపిండి చపాతీలు. ఆ పిండిలో ఉండే ఫైటేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. 1979 నుంచి అక్కడ పిల్లలకి విటమిన్ డి ఉచితంగా పంచారు, జబ్బు బాగా తగ్గింది.

ఎండ దండిగా ఉన్న చోట ఈ బాధ ఉండదనుకోకండి. తిరుపతి డాక్టర్లు ఆ చుట్టుపక్కల జనాన్ని పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా కనిపించేవాళ్లలోనూ విటమిన్ డి తక్కువే, తిండిలో కాల్షియమూ తక్కువే. ఇక్కడ మనం నైట్ డ్యూటీ, ముఖం నిండా గుడ్డ, అద్దాల కిటికీల మధ్య బతుకుతాం. విటమిన్ డి తయారుచేసే కిరణాలు అద్దం దాటి రావు.

మరి కంచంలో ఏముండాలి? మలయాళీలు మత్తి అనే సార్డిన్ చేప, టిన్నుదైనా సరే. గుడ్డు పచ్చసొనతో సహా. పాలు, లబన్ కొనేటప్పుడు విటమిన్ డి కలిపినట్టు ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. కాల్షియానికి పెరుగు, నువ్వులు, మునగాకు, రాగులు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పిండి పులిసినా, గింజ మొలకెత్తినా ఫైటేట్ తగ్గుతుంది. మన అవ్వలు అంబలి పులియబెట్టింది రుచి కోసమే అయినా, లాభం ఇలా వచ్చింది.

లోపం ఎక్కువగా ఉంటే తిండి ఒక్కటే సరిపోదు. రక్తపరీక్షలో తేలుతుంది, డాక్టర్ మందు రాస్తారు. ఊరి నుంచి ఎవరో తెచ్చిన 60,000 యూనిట్ల గోలీల్ని లెక్క లేకుండా మింగొద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. కీలు వాచినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా అది వేరే జబ్బు కావచ్చు, ఆగకుండా చూపించుకోండి.

ఈసారి రూమ్‌లో వంట వంతు మీదైనప్పుడు, పప్పు పక్కన ఓ టిన్ను సార్డిన్ తెరవండి. చేప తిననివాళ్లకి ఓ గిన్నెడు పెరుగు పెట్టండి.