కొట్టుదాకా వెళ్లొస్తా

1962 జనవరి 27. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఓ ఇంటి ముందు విలేకరుల గుంపు. లోపల ఆనీ గ్లెన్. అక్కడ ఫ్లోరిడాలో ఆమె భర్త జాన్ రాకెట్ కొసన, డబ్బాలాంటి నౌకలో గంటల తరబడి వెల్లకిలా పడుకున్నాడు. మబ్బులు వీడలేదు. ప్రయోగం వాయిదా పడింది.

ఇంతలో కబురు. ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ పరామర్శకు వస్తాడట, వెంట టీవీ కెమెరాలు. ఆనీ వద్దంది. ఆమెకు నత్తి. పది మాటల్లో ఎనిమిది గొంతులోనే చిక్కుకునేవి. టాక్సీ ఎక్కితే వెళ్లాల్సిన చోటు కాగితం మీద రాసి డ్రైవరుకిచ్చేది. అలాంటి మనిషి దేశమంతా చూస్తుండగా ఏం మాట్లాడుతుంది?

భార్యకు నచ్చజెప్పమని నాసా పెద్దలు జాన్‌ను ఫోన్ దగ్గరికి పట్టుకొచ్చారు. అతను ఫోన్ అందుకుని, నీకు ఇష్టం లేకపోతే రానివ్వకు, నేనున్నానన్నాడు. ఉపాధ్యక్షుడు గడప తొక్కకుండానే వెనుదిరిగాడు.

ఫిబ్రవరి 20న జాన్ నౌక ఫ్రెండ్‌షిప్ 7 ఎగిరింది. భూమి చుట్టూ మూడు చుట్లు, 4 గంటల 55 నిమిషాలు. ఆటోమేటిక్ నియంత్రణ మొరాయిస్తే చేత్తోనే నడిపాడు. అసలు గండం దిగేటప్పుడు. వేడిని ఆపే కవచం వదులైందని కిందివాళ్లకు సంకేతం అందింది. బ్రేకు రాకెట్ల పెట్టెను విడదీయకుండా ఉంచితే దాని పట్టీలు కవచాన్ని అదిమిపడతాయని ఆశ. కిటికీ పక్కనుంచి మండే ముక్కలు ఎగిరిపోతున్నాయి. ఊడుతున్నది పెట్టెనా, కవచమా? జాన్‌కు తెలియదు. నౌక సముద్రంలో దిగాక తేలింది: కవచం భద్రం, తప్పు ఓ స్విచ్‌ది.

అంత నిప్పులోంచి వచ్చినవాణ్ని 1964లో స్నానాలగది పడేసింది. ఒహాయో నుంచి సెనేట్ బరిలో దిగాడు. కాలు జారి టబ్బుకు తల కొట్టుకుంది. లోపలి చెవి దెబ్బతిని తల తిరుగుడు తగ్గక పోటీ మానుకున్నాడు. 1970లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే హోవార్డ్ మెట్జెన్‌బామ్ చేతిలో ఓడాడు. పడ్డ దండలన్నీ ఓట్లు కాలేదు.

1973లో ఆనీ నత్తి కోసం మూడు వారాల చికిత్సకు వెళ్లింది. అక్కణ్నుంచి ఫోన్. తడబాటు లేని గొంతు. ఇన్నేళ్లుగా చెప్పాలనుకున్న మాట చెప్పేసింది: సాక్సులు ఎక్కడపడితే అక్కడ పడేయకు, తీసి పెట్టు!

మరుసటి ఏడు మళ్లీ సెనేట్ పోటీలో, గ్లెన్ ఎన్నడూ ఉద్యోగం చేయలేదని మెట్జెన్‌బామ్ ఎత్తిపొడిచాడు. రెండు యుద్ధాల్లో 149 సార్లు విమానమెక్కినవాడు ఊరుకుంటాడా? కొడుకుల్ని యుద్ధానికి అర్పించిన తల్లుల కళ్లలోకి చూసి ఆ మాట అనగలవా అని నిలదీశాడు. గెలిచాడు. 24 ఏళ్లు సెనేటర్. 1984లో అధ్యక్ష పదవికి ప్రయత్నించి, అప్పుల్లో మునిగాడు. మనకు మాత్రం ఆ పేరు చేదు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మనమీద ఆంక్షలు విధించింది అతని పేరు మీదున్న చట్ట నిబంధన 'గ్లెన్ సవరణ' కిందే.

అదే ఏడు అక్టోబర్ 29న, 77వ ఏట, అంతరిక్షనౌక డిస్కవరీలో మళ్లీ పైకెళ్లాడు.

జాన్, ఆనీ ఇద్దరూ ఊహ తెలియని వయసు నుంచీ ఆటల జంట. యుద్ధానికి బయల్దేరిన ప్రతిసారీ, "కొట్టుదాకా వెళ్లి చూయింగ్ గమ్ తెస్తా" అనేవాడు. "ఆలస్యం చేయకు" అనేది ఆనీ. ఈసారి ఆ పొట్లం ముందే ఆమె చేతిలో పెట్టాడు. అతను దిగేదాకా, తొమ్మిది రోజులూ, ఆనీ దాన్ని గుండె మీది జేబులోనే ఉంచుకుంది.