అమెరికా అద్దెకిచ్చిన సబ్‌మెరైన్

నేనుండేది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊళ్ళో. ఇక్కడ ఒక సబ్‌మెరైన్ గడ్డి మధ్యన నేలమీద ఉంటుంది. పేరు ఆల్బకోర్. టికెట్ కొని లోపలికెళ్ళి చూడొచ్చు. ట్యాంక్‌బండ్ మీంచి కనిపించేదే సముద్రమనుకుంటూ మారేడ్‌పల్లిలో పెరిగినవాణ్ణి, నాకది ముచ్చటే. ఇంకో వింత, ఈ ఊళ్ళో ఎవర్ని కదిపినా వాళ్ళ తాతో మేనత్తో ‘యార్డు’లో పనిచేసి ఉంటారు. నదికి ఇటు ఊరు, అటు మెయిన్ రాష్ట్రంలో నౌకాదళం యార్డు. పేరు మాత్రం మా ఊరిదే. అది మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టుకెక్కితే, 2001లో కోర్టు న్యూ హాంప్‌షైర్ దావా కొట్టేసింది. నదుల తగాదాలు మన రెండు రాష్ట్రాలకే ఉన్నాయనుకోకండి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ యార్డు పనిచేసిన తీరు వింటే ముక్కున వేలేసుకోవాల్సిందే. 1944 ఒక్క ఏడాదిలో 32 సబ్‌మెరైన్లను నీళ్ళలోకి దింపారు. జనవరి 27న ఒక్కరోజే నాలుగు! డిసెంబరు 1న దింపిన దాని పేరు డయాబ్లో. ఆ పేరు మీరు విని ఉండరు. ఘాజీ అనండి, చిన్నపిల్లలు కూడా రానా సినిమా అంటారు. ఆ డయాబ్లోనే ఈ ఘాజీ.

దాదాపు 312 అడుగుల పొడవు. టార్పిడోలు వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. నీటిపైన ఉన్నంతసేపూ నాలుగు డీజిల్ ఇంజిన్లు కరెంటు తీస్తుంటాయి. ఆ కరెంటుతోనే మోటార్లు తిరగాలి, 252 బ్యాటరీ సెల్స్ ఛార్జవ్వాలి. మునిగాక ఇంజిన్లకి గాలి అందదు కాబట్టి బ్యాటరీలే దిక్కు. పైన 20 నాట్ల వేగంతో పోయే ఓడ కింద 9 నాట్లు కూడా అందుకోదు. ఛార్జవుతున్న బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోలకపోతే చిన్న నిప్పురవ్వ చాలు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

1945 ఆగస్టు 10న డయాబ్లో పెర్ల్ హార్బర్ నుంచి మొదటిసారి యుద్ధానికి బయల్దేరింది. దారిలో ఉండగానే జపాన్ లొంగిపోయింది. గువామ్ దాకా పోయి వెనక్కి తిరిగొచ్చింది. శత్రువు మీద ఒక్క టార్పిడో కూడా వదల్లేదు. ఆ యుద్ధంలో అమెరికా 52 సబ్‌మెరైన్లనీ, 3,500 మందికి పైగా మనుషుల్నీ పోగొట్టుకుంది. ఆ లెక్కన డయాబ్లో అదృష్టవంతురాలే.

1964 జూన్‌లో దాన్ని పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. కమ్యూనిస్టులకి అడ్డుకట్ట వేస్తామని పాకిస్తాన్ అమెరికా కూటముల్లో చేరి ఉందప్పుడు. మా మారేడ్‌పల్లిలో ఓనర్లు పోర్షన్ అద్దెకిచ్చేముందు సవాలక్ష షరతులు పెడతారు. గోడకి మేకు కొట్టొద్దు, పది దాటితే గేటు తియ్యం, ఇలా. తీరా అద్దెకున్నాయన పక్క పోర్షనాయనతో తన్నులాటకి దిగితే, మీరిద్దరూ ఒకటేనని ఓనరు ఇద్దరికీ నీళ్ళ మోటారు కట్టేస్తాడు. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో అమెరికా చేసిందీ అదే, రెండు దేశాలకీ ఆయుధాలు ఆపేసింది. ఓనరు పలక్కపోతే అద్దెకున్నాయన మేస్త్రీని తనే వెతుక్కోవాలి. ఘాజీ మరమ్మతుల కోసం టర్కీ దాకా వెళ్ళింది. చివరికి ఇల్లు కూలితే ఓనరేమంటాడు? ‘ఇల్లు నాదే, కూలినప్పుడు ఉన్నది వాడు కదా’ అంటాడు. ఈ దేశంలో పన్ను కట్టే నాకు ఆ జవాబు మింగుడుపడదు.

1971లో మళ్ళీ రెండు దేశాల మధ్య యుద్ధం ముంచుకొస్తుంటే, నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి. మన తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్‌లో దాచి, అది విశాఖలోనే ఉందని నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విక్రాంత్‌లో ఉన్న నావికుడెవరో ఇంట్లో తల్లికి ఎలా ఉందని అడిగినట్టు మామూలు టెలిగ్రామ్ కూడా ఇప్పించారు. ఆ రాజ్‌పుత్ ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళ రోదర్‌హామ్. ప్రపంచయుద్ధంలో ఒకే పక్షాన ఉన్న రెండు ఓడలు పాతికేళ్ళకి విశాఖ ముందు శత్రువులయ్యాయి.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ అదిరేంత పేలుడు. ఘాజీలో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. తర్వాత శకలాలు మత్స్యకారుల కంటపడ్డాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్‌లే (నీటి లోపల పేలే బాంబులే) ముంచాయని మన నౌకాదళం మాట. ఘాజీ తాను పరిచిన మైన్లకే పేలిపోయిందని పాకిస్తాన్ మాట. బ్యాటరీల హైడ్రోజన్ అంటుకుందనే వాదనా ఉంది. సినిమాలోలా మన సబ్‌మెరైన్ దానితో తలపడటం మాత్రం జరగలేదు.

మొదట చెప్పిన 1944 జనవరి 27 నాటి నాలుగింట్లో ఒకటైన రేజర్‌బ్యాక్ కూడా ఇలాగే పరాయి దేశానికి, టర్కీకి, పోయింది. దాన్ని 2004లో అమెరికా తెచ్చుకుని ఆర్కన్సాలో మ్యూజియంగా పెట్టుకున్నారు. ప్రపంచయుద్ధంలో పోగొట్టుకున్న ఆ 52 సబ్‌మెరైన్ల పేర్లు చదువుతూ ఒక్కో పేరుకీ గంట కొట్టే ఆచారం అమెరికా సబ్‌మెరైన్ నావికులకుంది, విన్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది. డయాబ్లో ఆ జాబితాలోకి రాదు, అందులో పోయినవాళ్ళు అమెరికన్లు కారు. ఇక్కడ డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. అలాంటి సాయంత్రాల్లో సికింద్రాబాద్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి విశాఖలో దిగాలనిపిస్తుంది.

2024లో మన నౌకాదళం విశాఖ తీరానికి దగ్గర్లోనే ఘాజీ శకలాన్ని గుర్తించింది. పోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని తాకకుండా వదిలేసింది. గెలిచినవాళ్ళకి తగిన పని అది. మీరు ఈ సెలవుల్లో పిల్లల్ని విశాఖ బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్తే, సినిమా కథతో సరిపెట్టకండి. అమెరికాలో పుట్టి, పాకిస్తాన్‌కి అద్దెకి పోయి, మన నీళ్ళలో మునిగిన ఘాజీ అసలు కథ కూడా చెప్పండి.