చేలో సుడి పడింది

చెప్పులు గట్టు మీద వదిలి దిగండి. కార్తీకపు చలికి బురద చల్లగా వేళ్ల సందుల్లోంచి పైకొస్తుంది. ఆకుల మీది మంచుకు లుంగీ తొడల దాకా తడిసిపోతుంది. ఇది బాపట్ల వైపు, కృష్ణా డెల్టాలో కాలువ ఆఖర్న ఉన్న పొలం. రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. వేసింది బీపీటీ 5204 వరి. చేను ఈనుతోంది. కంకి పాలు పోసుకుంటే ఇంక గండం గడిచినట్టే అనుకుంటున్న రోజులు.

రాత్రి వీధి లైటు చుట్టూ ముసిరిన సన్నటి దోమల్ని చూశాక మీకు నిద్ర పట్టలేదు. అందుకే ఆరు కాకముందే వచ్చారు.

పది బారలు నడిచారో లేదో, కాలు ఆగిపోతుంది.

చేను నడుమ గుండ్రటి మచ్చ. నులక మంచం పట్టేంత. అంచుల్లో పసుపు, మధ్యలో ఎండుగడ్డి రంగు. చుట్టూ చేను మాత్రం నిన్నటిలాగే పచ్చగా ఉంది. వంగండి. ఒక దుబ్బును అరచేత్తో తట్టండి. నీళ్ల మీద తవుడు చల్లినట్టు పురుగులు రాలతాయి. బియ్యపు గింజ కన్నా చిన్నవి, గోధుమ రంగువి. రాలినవి రాలినట్టే కొట్టుకుంటూ వెళ్లి మళ్లీ మొదలు పట్టుకుంటాయి. మీ అరచెయ్యి జిగటగా ఉంది. అవి విసర్జించిన జిగురు అది. మీ చేను రసమే.

సుడిదోమ. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది గనుక ఆ పేరు. ఈ పొద్దు మంచమంత. ఎల్లుండికి కళ్లమంత. వారం ఊరుకుంటే కోతకు మనిషిని పిలవాల్సిన పని ఉండదు.

"బాబాయ్, ఆగండి, నేనూ వస్తున్నా."

గట్టు మీద నుంచి కేకేసింది వ్యవసాయ కాలేజీ అమ్మాయి. ఆఖరి ఏడాది. పట్టా చేతికి రావాలంటే పల్లెలో నెలల తరబడి ఉండి ఒక రైతు వెంట పని చేయాలి. కాలేజీ వాళ్లు ఆమెకు అప్పగించిన రైతు మీరు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి దిగిపోయింది. మచ్చ దగ్గరకు రాలేదు. ముందు చేను ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. నాలుగడుగులకొక దుబ్బు విడదీస్తుంది, వంగుతుంది, పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంది, చిన్న పుస్తకంలో రాస్తుంది. పదిహేను. ముప్పై ఎనిమిది. నలభై రెండు.

"ఈ దశలో దుబ్బుకి ఇరవై, ఇరవై అయిదు దాటితే ఆగకూడదు బాబాయ్. దాటేసింది."

తర్వాత ఒక దుబ్బు మొదట్లో వేలు పెట్టి చూపిస్తుంది. కాళ్లు చాపుకుని సాలీడు. పక్కనే దోమంత పచ్చటి నల్లి. "సాలీడు దోమను పట్టుకు తింటుంది. ఈ పచ్చది గుడ్లు పీల్చేస్తుంది. వీటిని మాత్రం చంపుకోవద్దు."

పోతూ పోతూ వెదురు పుల్లలు నాలుగు విరిచి పసుపు మచ్చ అంచుల్లో నాటింది. ఎందుకో మీరు అడగలేదు. అడిగే తీరిక లేదు.

తొమ్మిదింటికి మందుల కొట్టు. మీలాంటి వాళ్లు ఆరుగురు ముందే నిలబడి ఉన్నారు. అందరి కాళ్లకూ బురదే. కొట్టాయన రెండు సీసాలు బల్ల మీద పెట్టాడు. "అన్నా, ఈ రెండూ కలిపి కొట్టు. పొద్దుటికి ఒక్కటి మిగలదు." డబ్బు ఇప్పుడు అడగడు. పంట ఇంటికొచ్చాక తీసుకుంటాడు. ఎరువులూ ఆయన దగ్గర అరువే. అలాంటి మనిషి మాట కాదనడం తేలిక కాదు. మీ జేబులో ఆ అమ్మాయి రాసిచ్చిన చీటీ ఉంది: పైమెట్రోజైన్, లీటరుకు 0.6 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. ఫోన్‌లో వాళ్ల సార్‌ని అడిగి మరీ రాసింది.

సీసా మీద పేరు చదవండి. సింథటిక్ పైరిథ్రాయిడ్. నిజమే, రాత్రికి రాత్రి దోమ రాలుతుంది. సాలీడూ రాలుతుంది, పచ్చనల్లీ రాలుతుంది. ఆకు తొడుగులో దాగిన గుడ్లకు మాత్రం ఏమీ కాదు. వారానికి ఆ గుడ్లు పగులుతాయి. తినేవాడు లేని చేలో పిల్లదోమ రెట్టింపై లేస్తుంది. మళ్లీ సీసా, మళ్లీ అరువు. ఈ వలయంలో పడి మునిగిన కౌలు రైతుల్ని మీరు పేరుపేరునా ఎరుగుదురు.

చీటీ బల్ల మీద పెట్టారు. కొట్టాయన చూశాడు. మాట్లాడకుండా లోపలికి వెళ్లి పొట్లాలు తెచ్చాడు. ఒక సీసా కూడా సంచిలో వేశాడు. "పని చేయకపోతే వాడుకో. వద్దనుకుంటే తిరిగివ్వు."

చేనుకొస్తే ఇంకో పరీక్ష.

"నీళ్లు తీసేయాలి బాబాయ్. దోమ ఉండేది నీటికి కాస్త పైన. అక్కడ తడి, నీడ ఉన్నన్నాళ్లూ కదలదు."

ఈనే చేనుకు నీళ్లు తీయడమా? పక్క పొలం ఆయన గట్టెక్కి అరుస్తున్నాడు. "బావా, పిచ్చెక్కిందా? కాలువ ఆఖరు మనది. శుక్రవారం దాకా వంతు రాదు!" ఆయన మాటలో తప్పు లేదు. ఈ సమయంలో చేను వాడితే తాలు గింజలు. ఆ అమ్మాయి ముఖం చూడండి. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లు. ఆమె మాట తప్పయితే కౌలు కట్టేది మీరు.

"మొత్తం ఎండబెట్టొద్దు. నీళ్లు తీసి, బురద తడి ఉండగా మందు కొట్టి, శుక్రవారం మళ్లీ పెడదాం. మూడు రోజులు."

పార ఎత్తండి. మడవ తీయండి.

నీళ్లు బోదెలోకి గలగలా దూకుతున్నాయి. మీ నీళ్లే.

మందు పొద్దున కొట్టనివ్వలేదు. కంకి పూత మీదుంది, ఆ వేళ తడిస్తే పుప్పొడి చెడుతుందంది. మూడు దాటాక ముక్కుకు తువ్వాలు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా. ఇరవై లీటర్ల ట్యాంకుకు పన్నెండు గ్రాములు, ఆమే తూచి ఇస్తోంది. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. కొడుకు ముందు నడుస్తూ పొడుగు కర్రతో చేనును రెండు పక్కలకూ విడదీస్తాడు. పాయ తెరుచుకోగానే మీరు గొట్టం కిందికి దించుతారు. ఆకుల మీద కాదు, మొదళ్లకు. ప్రతి రెండు మీటర్లకూ జానెడు బాట వదిలి నాటి ఉంటే ఈ పాయల పాట్లు ఉండేవి కావు. నాట్లప్పుడు ఆమె చెప్పింది. నేల వృథా అని మీరే ఒప్పుకోలేదు.

ఇరవై ట్యాంకులు. చీకటి పడింది. భుజం పుండైంది.

పొద్దున్నే పరుగు. దుబ్బు తట్టారు.

రాలాయి. బతికే ఉన్నాయి. నడుస్తున్నాయి. ఎక్కుతున్నాయి.

ఇంకో దుబ్బు. అక్కడా అంతే.

నీళ్లు లేవు. మందు పని చేయలేదు. డబ్బు పోయింది. ఇంటికెళ్లారు. సంచి తీశారు. సీసా చేతిలో ఉంది. మూత తిప్పుతున్నారు.

"బాబాయ్! వద్దు!"

పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది. సీసా లాక్కోలేదు. మీ చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకెళ్లింది. దుబ్బు మొదట్లో పెట్టింది. "చూడండి. నిన్నటి జిగట ఉందా?"

లేదు. పొడిగా ఉంది.

"ఈ మందు వెంటనే చంపదు. నోరు కట్టేస్తుంది. దోమ ఇంక సూది దించలేదు. నడుస్తుంది గానీ తినలేదు. ఆకలికి చావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మీ చేను రాత్రి నుంచే తప్పించుకుంది."

వేళ్లు వాసన చూసుకున్నారు. బురద. వరి. అంతే.

సీసా మూత బిగించారు.

ఆ మూడు రోజులు గట్టు మీద కూర్చోవడమే పని. వ్యవసాయ విశ్వవిద్యాలయం పల్లెకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ మూడు రోజుల ఓర్పు గురించే. మందు పేరు ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. వేలు మొదట్లో పెట్టించి, జిగట లేదని చూపించి, చేతిలోని సీసా మూత బిగింపజేసే మనిషి కొట్టులో దొరకదు.

కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి మారుటేరు సంగతి చెబుతుంది. పశ్చిమ గోదావరిలో 1925లో పెట్టిన వరి పరిశోధన స్థానం అది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ ట్రేలలో వరసకొక రకం నారు పోసి, దోమను కావాలనే వదులుతారు. తట్టుకోలేని వరసలు రోజుల్లో పండుబారి వాలిపోతాయి. నిలబడ్డ వరసను తీసుకుని సంకరం చేస్తారు. ఏళ్ల తరబడి అదే పని. విజేత అని మనం పిలిచే ఎం.టి.యు. 1001, ఇంద్ర అనే ఎం.టి.యు. 1061, దోమను తట్టుకునే ఆ రెండూ అక్కడి విత్తనాలే. మీ బీపీటీ కూడా ఈ విశ్వవిద్యాలయానిదే. 1986లో బాపట్ల నుంచి వచ్చింది. తిండికి ఇంత బాగుండే సన్నబియ్యం దోమకు మాత్రం నిలవదు.

మంచి పని, కానీ మనుషులు చాలరు. విశ్వవిద్యాలయపు ఏరువాక కేంద్రాలు కొన్నే, ఒక్కోదాంట్లో కొద్దిమంది శాస్త్రవేత్తలు, వాళ్ల ముందు జిల్లా అంత పొలం. ఇలాంటి పిల్లలు ఉన్న ఊళ్లో ఉంటారు, లేని ఊళ్లో ఆ పొద్దు బల్ల మీద సీసాలే ఉంటాయి. ఈ లోటు నాకు మింగుడుపడదు.

శుక్రవారం. తట్టిన దుబ్బుకు మూడో నాలుగో రాలాయి, అవీ కదల్లేదు. సాలీళ్లు గూళ్లు కట్టుకుంటున్నాయి. వెదురు పుల్లల దగ్గరకు వెళ్లండి. పసుపు పుల్ల దాకా వచ్చి ఆగింది. పుల్లకు అవతల పచ్చగా ఉంది. నాలుగు పక్కలా అంతే. మంచమంత చేను పోయింది. మిగతాది మీది.

కాలువలో నీళ్లొచ్చిన చప్పుడు. మడవ దగ్గర పారతో నిలబడ్డారు.

"వచ్చే ఏడు ఒక అరెకరం 1061 వేస్తారా బాబాయ్?"

"వేస్తానమ్మా, కొనేవాడేడీ? మిల్లు వాడు బీపీటీకే రేటు కడతాడు. దోమ తట్టుకుని, బియ్యం అచ్చం బీపీటీలా ఉండేది ఇమ్మను మీ సార్లని."

ఆమె పుస్తకం తీసింది. దుబ్బుల లెక్కల కింద గీత కొట్టింది.

"మళ్లీ చెప్పండి బాబాయ్," అంది. "మీరన్నది అన్నట్టే రాస్తాను."