చుట్టిల్లు: ఉత్తరాంధ్ర పల్లె నివాసం

గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులా కిందికి దిగే తాటాకు కప్పు: అదే చుట్టిల్లు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా తీరపు పల్లెల్లో తరతరాలుగా కట్టుకున్న ఇల్లిది. మూలలు లేవు కనుక తుపాను గాలి పక్కల నుంచి జారిపోతుంది. గుజరాత్‌లోని కచ్‌లో భుంగాలనే ఇలాంటి గుండ్రటి ఇళ్ళు 2001 జనవరి 26 భూకంపాన్ని కూడా చాలావరకు తట్టుకున్నాయి. చుట్టింటి చూరు ఎంత కిందికి ఉంటుందంటే, పెద్దవాళ్ళు నడుం వంచే లోపలికి వెళ్ళాలి. ఆ చూరే గోడను వాన నుంచి కాస్తుంది.

ఇంటికి వాడే మట్టి ఏ ఊరికి ఆ ఊరిదే, ఆకూ వాసాలూ ఆ ఊరి తాటిచెట్లవే. పాత ఆకు పొయ్యిలోకి పోయేది.

కొన్నేళ్ళకోసారి కప్పు నేయక తప్పదు, అది ఒక్క కుటుంబంతో అయ్యే పనీ కాదు. కింద నుంచి ఒకరు ఆకు అందిస్తుంటే, పైనున్నవాళ్ళు వరస మీద వరస పేర్చి కట్టుకుంటూ పోవాలి. ఈ ఏడు మీ ఇల్లు, పై ఏడు మా ఇల్లు. నేలను పేడతో అలకడం ఆడవాళ్ళ పని. ఆ శ్రమను ఎవరూ కూలి లెక్కలో కట్టలేదు, కట్టవలసింది.

అయితే ఆకు ఇల్లు నిప్పుకు లొంగుతుంది. వేసవిలో ఒక్క రవ్వ పడితే వాడంతా బుగ్గి. పేదలు పక్కా ఇల్లు కోరుకోవడం పూర్తిగా న్యాయం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఆ కోరిక ప్రభుత్వ కార్యక్రమమైంది. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట చుట్టూ పల్లెల్లో నేడు స్లాబు ఇళ్ళదే పైచేయి. మధ్యాహ్నం ఆ స్లాబు కింద వేడికి కూర్చోలేం. కప్పు నేతతో ముడిపడ్డ ఇరుగుపొరుగు సాయమూ తగ్గింది.

పక్కా ఇల్లు ఒక్కటే చాలదు కూడా. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. గట్టి ఇల్లున్నవాళ్ళకు తలదాచుకునే చోటు మిగిలింది, బతుకుదెరువు మిగల్లేదు.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. అక్కడ మొహుదా కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ, జో మడియత్ 1979లో స్థాపించిన గ్రామ్ వికాస్, ఇరుగుపొరుగుల ఆ పాత ఇచ్చిపుచ్చుకోళ్ళను కొత్తగా నిలబెట్టింది. 1992లో మొదలైన దాని నీటి, పారిశుధ్య కార్యక్రమానికి ప్రధాన షరతు: ఊళ్ళో అన్ని కుటుంబాలూ చేరాలి, ఒక్కటి తగ్గినా పని మొదలవదు. ఇంటింటికీ మరుగుదొడ్డి, స్నానాలగది, కుళాయి. అన్ని కులాలకూ ఒకే ట్యాంకు నీళ్ళు. సగటున కుటుంబానికి 1000 రూపాయల చొప్పున ఊరి నిధి వేసుకుంటారు. నిధిలోని అసలు సొమ్మును ముట్టుకోరు. వేరు కాపురం పెట్టిన కొత్త జంటకు మరుగుదొడ్డి కట్టుకోవడానికి దాని వడ్డీ నుంచి సాయం అందుతుంది.