588 కోట్లు, మూడు చోట్ల

మూడేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో (పేరెందుకు లెండి) వరసగా రెండు నెలలు జీతాలు ఆలస్యమయ్యాయి. విచిత్రమేంటంటే అంతకు పదిరోజుల ముందే మీటింగు పెట్టి "ఈ ఏడు లాభాల్లోకొచ్చాం" అని మా చేత చప్పట్లు కొట్టించారు. లాభం ఉంటే మరి డబ్బేదీ?

బీటెక్‌లో మెఫా అని ఓ సబ్జెక్టు ఉండేది గుర్తుందా? పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కిన బాపతే నేనూ. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో వంద రూపాయలు కట్టి మా కంపెనీ ఏడాది లెక్కలు డౌన్‌లోడ్ చేసి, ఆ పాత పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. జవాబు ఆస్తి అప్పుల పట్టీలోనే ఉంది. లాభమంతా క్లయింట్లు ఇంకా కట్టని బిల్లుల రూపంలో ఉంది! పని చేసి బిల్లు పంపితే ఆదాయం కింద రాసేసుకోవచ్చు, డబ్బు చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇందులో మోసమేమీ లేదు, పద్ధతే అంత.

అప్పట్నుంచి ఈ లెక్కలు చదివే పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చిలోనే సత్యం కంప్యూటర్స్ కథ మళ్ళీ మొదట్నుంచీ చదివాను. 2009 జనవరి 7న నేను ఆరో తరగతి. టీవీలో స్క్రోలింగు, పెద్దవాళ్ళ గుసగుసలు తప్ప ఏమీ గుర్తులేదు. మనవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ అది "రాజుగారు మోసం చేశారు" అనే ఒక్క వాక్యమే. ఎలా చేశారన్నది మాత్రం ఇంజనీరు అనేవాడు చదివి తీరాల్సిన కథ.

ముందు చిన్న పాఠం. లాభనష్టాల ఖాతా ఏటా ఏప్రిల్ 1న సున్నా దగ్గర మొదలై మార్చి 31న ముగిసిపోతుంది. ఆస్తి అప్పుల పట్టీ అలా కాదు. పోయినేడాది ముగింపు నిల్వే ఈ ఏడాది ప్రారంభ నిల్వ. ఆ కౌంటరు ఎప్పటికీ రీసెట్ కాదు. పైగా జంట పద్దు విధానంలో ఏ పద్దైనా రెండు చోట్ల పడాల్సిందే. లేని ఆదాయం వంద రూపాయలు ఇక్కడ రాస్తే, అక్కడ ఏదో ఒక ఆస్తి వంద పెరగాలి. ఆదాయం అబద్ధం ఏడాది తిరిగేసరికి జనం మర్చిపోతారు. ఆస్తి అబద్ధం మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది, మరుసటి ఏడు దాని మీద ఇంకోటి చేరుతుంది.

ఇప్పుడు రామలింగరాజు గారు తమ బోర్డుకి రాసిన ఉత్తరంలో అంకెలు చూడండి. 2008 సెప్టెంబర్ 30తో ముగిసిన మూడు నెలలకి చూపించిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. తేడా 588. నిర్వహణ లాభం చూపించింది 649 కోట్లు, అసలుది 61 కోట్లు. తేడా మళ్ళీ 588! ఆ మూడు నెలల్లోనే లేని బ్యాంకు నిల్వ ఎంత పెరిగిందని రాశారో తెలుసా? 588 కోట్లు.

మొదటిసారి ఇది చూసినప్పుడు కాసేపు అలా ఉండిపోయాను. లేని ఆదాయానికి ఖర్చుండదు కదా, లేని ప్రాజెక్టులో ఎవరికీ జీతం ఇవ్వక్కర్లేదు. అందుకే అది ఒక్క పైసా తరగకుండా లాభంలోకి దిగింది. లాభం నుంచి బ్యాంకులోకి దిగింది. దొంగ లెక్కే కానీ జంట పద్దు సూత్రం మాత్రం తు.చ. తప్పలేదు.

అలా ఏళ్ళ తరబడి పేరుకుని పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు కనిపిస్తే, అందులో 5,040 కోట్లు లేనివి. అంటే నూటికి ఆరు రూపాయలే నిజం. బ్యాంకులో అంత డబ్బున్నప్పుడు వడ్డీ రాకపోతే అనుమానం వస్తుంది కాబట్టి, లేని వడ్డీ ఇంకో 376 కోట్లు రాయాల్సి వచ్చింది. బాకీదార్ల లెక్క 490 కోట్లు పెంచారు, అప్పు 1,230 కోట్లు తక్కువ చూపారు. అన్నీ కలిపితే 7,136 కోట్ల గొయ్యి.

మరి లేని ఆదాయమంతా బాకీదార్ల కిందే ఎందుకు ఉంచలేదు? వసూలు కాని బాకీలు పెరిగిపోతే ఎవడికైనా కనపడుతుంది, మా పాత కంపెనీలో నాకు కనపడినట్టు. నగదైతే ఎవరూ ప్రశ్నించరు. "లాభాన్ని నమ్మకు, క్యాష్ ఫ్లో చూడు" అని ఇన్వెస్ట్‌మెంటు గురువులు చెప్తుంటారు. సత్యం విషయంలో ఆ సలహా పనిచెయ్యదు. మన కంపెనీలు మామూలుగా నగదు ప్రవాహ పట్టీని లాభంతో మొదలుపెట్టి, ఆస్తి అప్పుల తేడాలు కూడుతూ తీసేస్తూ తయారుచేస్తాయి. బ్యాంకు నిల్వే అబద్ధమైతే అది కూడా చక్కగా టాలీ అయిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, బ్యాంకుని మాక్ చేసి యూనిట్ టెస్టులన్నీ పాస్ చేయించారన్నమాట.

బిల్లుల సంగతి ఇంకా మనకి దగ్గరిది. సత్యం షేర్లు న్యూయార్క్‌లో కూడా లిస్టయి ఉండేవి కాబట్టి అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కూడా కేసు పెట్టింది. 2011లో అది చెప్పిన ప్రకారం దొంగ ఇన్‌వాయిసులు 6,000కి పైగా ఉన్నాయి. వాటిని ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్లో సూపర్ యూజర్ లాగిన్‌తో ఎక్కించి, ఆయా విభాగాల వాళ్ళకి కనపడకుండా దాచారు. కనపడితే "ఈ క్లయింటుకి మనం ఈ పని చెయ్యలేదే" అని వాళ్ళే అడిగేవాళ్ళు కదా!

మా తాతగారికి ఎరువుల కొట్టు ఉండేది. చిట్టా, ఆవర్జా అన్నీ రాసే గుమాస్తా గారు మార్చి ఆఖర్న పాసుబుక్కు పట్టుకుని స్వయంగా బ్యాంకుకి వెళ్ళి నిల్వ ఎంతో రాయించుకొచ్చేవారట. ఆడిటరు పని కూడా మౌలికంగా అదే. బ్యాంకుకి తనే ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా తనకే రావాలి. ఇక్కడ ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్, ప్రపంచంలో నాలుగు పెద్ద పేర్లలో ఒకటి. ఎస్‌ఈసీ తేల్చిందేంటంటే, ఆ ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ రెండూ సత్యం యాజమాన్యానికే వదిలేశారు! దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారుచేసేవాళ్ళ చేతికే ఉత్తరం ఇచ్చినట్టు. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా ఆ సంస్థ భారతీయ శాఖలు ఐదు కలిసి ఎస్‌ఈసీకి 60 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డాయి.

ఇక మేటాస్ (ఇంగ్లీషులో సత్యంని తిరగేసి చదవండి). 2008 డిసెంబర్ 16న రాజు గారి కుటుంబ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొనడానికి సత్యం బోర్డు ఒప్పుకుంది, షేర్‌హోల్డర్లు గగ్గోలు పెట్టేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఐటీ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకని అందరూ ఆశ్చర్యపోయారు. పట్టీ ముందు పెట్టుకుని చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. లేని బ్యాంకు డబ్బుతో ఉన్న భూములు కొన్నట్టు రాస్తే, ఒక్క పద్దుతో నిల్వ తగ్గుతుంది, నిజమైన ఆస్తి వచ్చి కూర్చుంటుంది. అమ్మేవాళ్ళు ఇంటివాళ్ళే కాబట్టి డబ్బు అడగడానికి తొందరా లేదు. లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నం అదేనని ఉత్తరంలో ఆయనే రాసుకున్నారు. అది తప్పిపోయిన మూడు వారాలకి ఆ ఉత్తరం వచ్చింది. ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఇద్దరు ఆడిటర్లతో సహా పదిమందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలుకెళ్ళి మరుసటి నెలలో బెయిలు తెచ్చుకున్నారు.

నాకు జాలేసింది మాత్రం తర్వాత వచ్చిన అకౌంట్స్ వాళ్ళ మీద. ప్రభుత్వం కొత్త బోర్డుని వేసింది, 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. కానీ ప్రారంభ నిల్వ ఏదో తెలియకుండా ఆ ఏడాది లెక్క ఎలా మూస్తారు? 2009 మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు బయటికి రావడానికి 2010 సెప్టెంబర్ 29 దాకా పట్టింది. నష్టం దాదాపు 8,177 కోట్లు. మీటలు నొక్కితే పోయే బగ్ కాదు, డేటాబేసు మొత్తం కాగితాల నుంచి తిరిగి కట్టడం అది.

అంత తవ్వాక కూడా ఒక లైను తేలలేదు. ఆ 1,230 కోట్లు మేమే అప్పిచ్చామని 37 కంపెనీలు నోటీసులు పంపాయి. అది అప్పని కొత్త యాజమాన్యం ఒప్పుకోలేదు, కాదని తీసెయ్యనూ లేదు. "దర్యాప్తు తేలాల్సిన సస్పెన్స్ ఖాతా" అని పేరు పెట్టి పట్టీలో అలాగే ఉంచింది. ఎంతైనా రెండో వైపు టాలీ అవ్వాలి కదా..