జడ్జి ఛాంబర్‌కు దారి

న్యాయమూర్తి దగ్గర కుదిరి పని నేర్చుకునే పద్ధతికి అమెరికాలో ఆద్యుడు హొరేస్ గ్రే. మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగానే, 1875 నుంచి, హార్వర్డ్‌లో చదివిన కుర్రవాళ్లను సహాయకులుగా, అంటే లా క్లర్కులుగా, పెట్టుకున్నారు. 1882లో సుప్రీంకోర్టుకు వెళ్లాక కూడా ఆ అలవాటు మానలేదు. జీతం సొంత డబ్బుతోనే ఇచ్చేవారు. కుర్రవాళ్లను ఏరి పంపింది హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఆయన సవతి తమ్ముడు జాన్ చిప్‌మన్ గ్రే. అంటే ఇది మొదటినుంచీ తెలిసినవాళ్ల వ్యవహారమే. 1886లో ఒక్కో న్యాయమూర్తికి స్టెనోగ్రాఫిక్ క్లర్కు కోసం ఏడాదికి 1,600 డాలర్లు మంజూరయ్యాయి. ఎవరిని తీసుకోవాలన్నది మాత్రం న్యాయమూర్తి ఇష్టమే. అక్కడి సుప్రీంకోర్టులో తొలి మహిళా క్లర్కు చేరేసరికి 1944 వచ్చింది. తర్వాత అదే కోర్టులో న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ను 1960లో కూడా జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ క్లర్కుగా వద్దన్నారు. ఆమెకు పాఠాలు చెప్పిన గెరాల్డ్ గుంథర్ పట్టుబట్టి న్యూయార్క్‌లో ఒక జిల్లా న్యాయమూర్తి దగ్గర చేర్పించారు. సిఫార్సు ఒక్కోసారి మంచికీ పనికొస్తుంది మరి!

మన దగ్గర జూనియర్లు తయారైంది జడ్జి ఛాంబర్‌లో కాదు, సీనియర్ ప్లీడరు ఆఫీసుగదిలో, గుమాస్తా కసుర్ల మధ్య. 1961 అడ్వొకేట్ల చట్టంలో శిక్షణ, పరీక్ష ఉండేవి. 1973 సవరణ రెండింటినీ తీసేసింది. 1995లో బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణను మళ్లీ తెస్తే, ఆ అధికారం మీకు లేదంటూ వి. సుదీర్ కేసులో 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో పని నేర్పే బాధ్యత కాలేజీల మీదే పడింది. 2008 న్యాయవిద్య నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. ఎక్కడెక్కడ చేయవచ్చో చెప్పిన జాబితాలో న్యాయవ్యవస్థా ఉంది. తెల్లచొక్కా, నల్లకోటు, నల్ల టై అంటూ దుస్తుల వివరం కూడా రాశారు. న్యాయమూర్తి దగ్గర చోటు ఎవరు వెతికిపెట్టాలో మాత్రం రాయలేదు.

పైగా విద్యార్థికి తీరిక దొరికే మే నెలలోనే మన హైకోర్టుల్లో, సివిల్ కోర్టుల్లో చాలావాటికి వేసవి సెలవులు. అత్యవసర కేసులకు వెకేషన్ బెంచీలు కూర్చుంటాయంతే. అమెరికా జిల్లా కోర్టులు ఎండాకాలమూ నడుస్తాయి కాబట్టి అక్కడ ‘సమ్మర్ ఇంటర్న్‌షిప్’ కుదిరింది. ఇక్కడ ఆ పేరు తెచ్చుకున్నాం, కోర్టు క్యాలెండర్ చూసుకోలేదు. కేసు కట్ట చదివి తేదీల వరుస రాయడం, పాత తీర్పులు వెతకడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. వాదన నడుస్తుండగా న్యాయమూర్తి దేన్ని పట్టించుకుంటారో, దేన్ని వదిలేస్తారో తెలియాలంటే మాత్రం కోర్టుహాల్లో కూర్చోవాల్సిందే.

ఇంటర్న్‌షిప్ ఏర్పాటంతా వ్యక్తుల ఇష్టం మీదే నడిస్తే వచ్చే ప్రమాదం 2013లో బయటపడింది. ఒక విశ్రాంత న్యాయమూర్తిపై ఇంటర్న్ చేసిన లైంగిక వేధింపుల ఆరోపణను పరిశీలించడానికి సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల కమిటీ వేయాల్సి వచ్చింది.

న్యాయమూర్తి దగ్గర చేసిన పనికి లెక్క కూడా వచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను తిరిగి తెచ్చింది. లా క్లర్కుగా చేసిన కాలాన్నీ అందులో కలపమంది. ఆ లా క్లర్కులను ఎంచుకోవడానికి సుప్రీంకోర్టు రాతపరీక్ష పెడుతోంది. ఇంటర్న్‌లకు పరీక్ష అక్కర్లేదు. హైకోర్టులు ఏటా దరఖాస్తులు పిలిచి, ఎవరిని ఏ ప్రాతిపదికన తీసుకున్నారో జాబితా బయటపెడితే చాలు. కోర్టులు తెరిచి ఉండే నెలల్లో ఇంటర్న్‌షిప్ వారాలు గడిపే వీలు లా కాలేజీలు కల్పించాలి.