అంబటిప్రొద్దు



అనంతపురము మెట్టసీమలో మన పెద్దలు వేకువనే మడక కట్టి, ఎండ ముదిరి మధ్యాహ్నము సమీపించువేళ ఎద్దులను విడిచి అంబలి త్రాగెడివారు. ఆ వేళకే 'అంబటిప్రొద్దు' అని పేరు. జనుల నోట నది 'అంబటేళ' యైనది.

వాకిలి 'వాకిటి' యైనట్లు, కౌగిలి 'కౌగిటి' యైనట్లు, అంబలి 'అంబటి' యగును. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ఇట్టి శబ్దములను ఔపవిభక్తికములనినది. కావున నిది వ్యాకరణసమ్మతమైన తెనుగు మాట.

ఇది యెరిగియు నే నొక తప్పు చేసితిని. ఉపాధ్యాయత్వపు తొలినాళ్ళలో నొక బాలుడు తన వ్యాసమున 'అంబటేళకు మా నాయన ఇంటికొచ్చును' అని వ్రాయగా, ఎర్రసిరాతో కొట్టివేసి 'మధ్యాహ్నము' అని దిద్దితిని. నా మాట సాధువే. కాని యందు ఆ తండ్రి యాకలి లేదు.

సంస్కృతమున ప్రాచీనులు పగటిని అయిదు భాగములు చేసిరి. ఒక్కొక్కటి మూడు ముహూర్తములు, అనగా 2 గంటల 24 నిమిషములు. ప్రాతఃకాలము వెనుకటి దానికి 'సంగవ' మని పేరు. పాలు పిదుకుటకై గోవులను కూర్చు వేళ యని యర్థము. ఆలమందను బట్టి కాలమునకు పేరిడుట ఋషులకు తగినప్పుడు, అంబలికుండను బట్టి పేరిడుట మన రైతునకేల తగదు?

ఆ కుండ యెల్లప్పుడు నిండి యుండలేదు. ఈ సీమ బళ్ళారి జిల్లాలో నున్న దినములలో 1876–78 నాటి మహాక్షామము వచ్చెను. 1877లో కరువుపనులయందు పురుషుని దినకూలి ఒక పౌను ధాన్యమునకును (సుమారు 450 గ్రాములు), ఒక అణాకును తగ్గింపబడెను. అంబటిప్రొద్దు దినదినము వచ్చుచునే యుండెను; అంబలి మాత్రము అనేకుల యిండ్లకు రాలేదు. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది. కరువులు మాత్రము వీడలేదు.

పిదప చేలను వేరుసెనగ యాక్రమించెను. కంచములోనికి వరియన్నము వచ్చెను. అంబలితో మాటయు మరుగుపడుచున్నది. 2023లో ప్రభుత్వ పాఠశాలల బాలురకు రాగిజావ యిచ్చుట మొదలైనది. తిండి తిరిగి వచ్చినది. పేరును గూడ మనమే తెచ్చుకొనవలెను.

కావున నాదొక విన్నపము. వచ్చు వార్షికసభ యాహ్వానపత్రమున భోజనవేళకు 'అంబటిప్రొద్దు' అని ముద్రింపుడు. పిల్లలు దాని యర్థ మడుగుదురు, అవ్వలు చెప్పుదురు. నాడు నేను కొట్టివేసిన మాటను ఆ విధముగా మరల వ్రాసినవాడ నగుదును.